ఫోను పెట్టేయడం అక్క వంతు

ఓడ కదులుతోందన్న కబురు వచ్చినప్పుడు దుప్పటక్క చేతుల్లో అప్పుడే యంత్రంలోంచి తీసిన దుప్పటి ఉంది, నోట్లో సగం ఆవలింత ఉంది.

ఆసుపత్రి బట్టల గదిలో దుప్పటి మడవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు నిలబడాలి. ఒక్క విదిలింపు విదిలించి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచుకు అంచు కలపాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా నడవగా నడవగా, గది దాటకుండానే ఒక ఊరు వెళ్ళొచ్చినట్టవుతుంది. అక్కడ అందరూ ఆమెను దుప్పటక్క అనే పిలుస్తారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అవతలి కొసన ఉన్నది ఇస్త్రీ వదిన. ఏళ్ళ తరబడి ఆవిరి దగ్గర నిలబడి ఆమె బుగ్గలు ఇప్పుడే పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు ఎర్రగా ఉంటాయి.

దుప్పటక్క గౌను జేబులో ఫోను బుర్రుమంది.

"నా చేతులు ఖాళీ లేవు వదినా. కాస్త చూడు."

ఇస్త్రీ వదిన తన కొస వదల్లేదు. దుప్పటితో సహా నడిచొచ్చి, అంచును గడ్డం కింద అదిమిపట్టి, జేబులోంచి ఫోను లాగి దుప్పటక్క చెవికి ఆనించింది. ఇద్దరి మధ్యా దుప్పటి వెచ్చగా నలిగింది.

"అమ్మా, నేను, టికెట్ల దుకాణం. ఓడ బాగైందటమ్మా. ఈసారి ఖాయంగా కదులుతోందట. రేపు సాయంత్రం విమానంలో మీకు రెండు సీట్లు పట్టి ఉంచాను. అది ఎక్కితేనే ఓడ అందుతుంది. ఇవాళ నేను దుకాణం కట్టేలోగా ఊ అనండి. ఊ అనకపోతే వెనక కాచుకుని ఉన్నవాళ్ళకు ఇచ్చేస్తాను. నన్ను మళ్ళీ తప్పు పట్టొద్దు."

"సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్తాను నాయనా," అంది దుప్పటక్క. సగంలో ఆగిన ఆవలింతను అప్పుడు పూర్తి చేసింది.

ఇస్త్రీ వదిన ఫోను మళ్ళీ జేబులో పడేసి ఆమె మొహంలోకి చూసింది. "ఇదేం మనిషివే. లాటరీ తగిలిందన్నా ఇలాగే ఆవలిస్తావా?"

"తగిలిననాడు చూద్దువుగానిలే. అంచు సరిగ్గా పట్టు, జారిపోతోంది."

ఈ ఓడ సంగతి తెలియాలంటే ముందు దుప్పటక్క చెల్లెలి సంగతి తెలియాలి. పుట్టినప్పటి నుంచీ గలగలా వాగుతూనే ఉండడంతో ఆ చెల్లెలికి ఇంట్లో పిచ్చుక అని పేరు పడిపోయింది. ఆ పిచ్చుక పెళ్ళి చేసుకుని సముద్రం నడిమధ్యన, పటంలో ఈగ వాలి లేచిన మచ్చంత ఉండే ఒక దీవికి ఎగిరిపోయింది. ఆమె మొగుడికి అక్కడి వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. గాలి ఎటు వీస్తోందో, వాన ఎంత కురిసిందో చూసి లోకానికి చెప్పడం ఆయన పని. లోకం వింటుందో లేదో గాని ఆయన చెప్పడం మాత్రం మానడు. అక్కడికి వెళ్ళాలంటే ఇక్కడ పెద్ద విమానం ఎక్కాలి, అది దిగి చిన్న విమానం ఎక్కాలి, అదీ దిగి, సముద్రానికి మనసైనప్పుడు నెలకోసారి వెళ్ళే ఓడ ఎక్కాలి.

"పెళ్ళయిన ఏడాదికల్లా వస్తానే," అని అక్క మాటిచ్చింది. ఆ ఏడాది ఇంకా రాలేదు.

మొదటిసారి అన్నీ సర్దుకున్నాక దుప్పటక్క భర్తకు హెర్నియా బయటపడింది. అది కుదుటపడేసరికి అత్తగారు స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. తుంటి అతుక్కునేసరికి ఓడకు జబ్బు చేసింది. ఓడ బాగయ్యేసరికి లోకానికే జబ్బు చేసి తలుపులన్నీ మూసుకున్నాయి. తెరుచుకున్నాక అత్తగారు పోయారు. ఆ తర్వాత అబ్బాయికి సంబంధం కుదిరింది. పెళ్ళి హడావిడి తీరి ఊపిరి పీల్చుకునేసరికి మళ్ళీ ఓడ, ఈసారి అడుగున ఏదో చక్రం వంగిందట. వెళ్ళమని అందరూ అన్నారు, వెళ్ళనివ్వడానికి ఏదో ఒకటి ఒప్పుకోలేదు. సెలవు మాత్రం సూపర్వైజరమ్మ ఎప్పుడో ఇచ్చేసింది. "నీ ఓడ కదిలిన రోజున చెప్పి వెళ్ళు, నన్ను మాత్రం ఇంకోసారి అడగకు," అంది. ఆమె కూడా విసిగిపోయింది మరి.

ఇన్నేళ్ళూ అక్కాచెల్లెళ్ళకు ఫోనే దిక్కు. ఆ దీవి ఫోనుకో తెగులుంది. ఇక్కడ అన్న మాట ఆకాశం చుట్టి అక్కడికి చేరడానికి కాస్త సమయం పడుతుంది. అక్కడి మాట రావడానికి మరి కాస్త. మొదట్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, మాటకు మాట అడ్డం పడి, ఏదీ తెలియక ఫోను విసిరికొట్టేవారు. అప్పుడు మరిదిగారు, అంటే పిచ్చుక మొగుడు, ఒక పద్ధతి పెట్టాడు. ఆయన ఉద్యోగంలో వైర్లెస్ మీద అలాగే మాట్లాడతారట. ఒకరు తమ మాటంతా చెప్పేసి 'అంతే' అనాలి. అప్పుడు రెండోవాళ్ళు మొదలుపెట్టాలి. మధ్యలో నోరు మెదపకూడదు. చివరికి ఫోను పెట్టేయడం అక్క వంతు. పెద్దది కాబట్టి ఆ గౌరవం ఆమెకు దక్కింది. అక్క పెట్టేదాకా చెల్లెలు చచ్చినా పెట్టదు.

పద్ధతి భేషుగ్గా పనిచేసింది. మాటలన్నీ స్పష్టంగా వినిపించాయి. అదే ప్రాణం మీదికి వచ్చింది. వంతులు వేసుకుని మాట్లాడితే ఎవరైనా మర్యాదస్తులైపోతారు. 'అందరూ కులాసా అని తలుస్తాను' అన్నంత వరకూ వచ్చింది వ్యవహారం. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని, ఒకే దుప్పటిని అటొకరు ఇటొకరు లాక్కుంటూ, ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వకుండా కలబడ్డ పిల్లలు, ఇప్పుడు పంచాయతీలో సాక్ష్యం చెబుతున్నట్టు మాట్లాడుకునేవారు. "మీరిద్దరూ అక్కాచెల్లెళ్ళా, రెండు దేశాల రాయబారులా?" అనేవాడు దుప్పటక్క భర్త.

పోయినసారి పిచ్చుక ఏమందంటే, "నీకు వీలైతేనే రా అక్కా. శ్రమ పడకు. అంతే." ఆ మాట దుప్పటక్క గుండెలో ముల్లులా దిగబడిపోయింది. వీలైతేనే రమ్మనడం పిచ్చుక మాట కాదు. పిచ్చుక అయితే 'రాకపోతే చంపుతా' అనాలి.

అందుకే ఓడ కదిలిందంటే ఆమెకు ఆనందం బదులు ఆవలింత వచ్చింది. కోరిక చచ్చిపోయిందని కాదు, అలిసిపోయింది. ఈ నడుం పట్టుకుని, ఈ మోకాళ్ళు ఈడ్చుకుని అంత దూరం వెళ్ళాక అక్కడ చెల్లెలు లేకపోతే? చెల్లెలి మొహం పెట్టుకున్న పరాయి మనిషి ఎవరో కాఫీ కప్పు చేతికిచ్చి 'ప్రయాణం బాగా జరిగిందా' అని అడిగితే? దానికన్నా ఇక్కడే ఉండి, ఆ దీవిలో తన పిచ్చుక ఇంకా ఉందనుకుని బతకడం మేలు కాదా? సాయంత్రం దాకా ఆమె దుప్పట్లు మడుస్తూ ఇదే మడిచి విప్పుకుంది.

పని దిగి వెళ్తుంటే ఇస్త్రీ వదిన వెనకనుంచి కేకేసింది. "ఊ అంటున్నావా, ఊహూ అంటున్నావా?"

"కాళ్ళు నొప్పులంటున్నాయి."

"కాళ్ళని ఎవరడిగారే తల్లీ."

వాళ్ళుండే వీధిలోనే టికెట్ల దుకాణం. మేడ మీద కిటికీలోంచి చూస్తే దాని ఇనప షట్టరు కనిపిస్తుంది. మేడకు లిఫ్టు లేదు. ఊరందరి లిఫ్టులు బాగుచేసే మెకానిక్ దుప్పటక్క భర్తే. ఆయన ఉండే మేడకు లిఫ్టు లేకపోవడం ఆ వీధి వాళ్ళకు పాత నవ్వు. దుప్పటక్క ఒక్కో మెట్టు దగ్గరా మోకాలి మీద చెయ్యి వేసుకుని ఎక్కింది.

తలుపు తీసేసరికి హాలు మధ్యలో పెట్టె నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు కొత్త కోడలు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. పిల్లల బడిలో టీచరు, చేతుల నిండా రంగు సుద్దల పొడి. పెళ్ళయి ఇంకా వానాకాలమైనా దాటలేదు కాబట్టి ఆ పిల్లకు ఇంట్లో ప్రతిదీ వింతే, ప్రతిదీ సంబరమే. కుక్కరు కూత వేస్తే నవ్వుతుంది. తన పేరూ మొగుడి పేరూ ఒకే కరెంటు మీటరు కింద రాసి ఉంటే మురిసిపోతుంది. మొగుడు పనిమీద పక్క ఊరు వెళ్తే, అతని చొక్కా తాడు మీద ఆరుతుండగా దానితో కబుర్లు చెప్తుంది.

"అత్తయ్యా, టికెట్లాయన నన్ను వీధిలో ఆపి మరీ చెప్పారు. ఓడ కదులుతోందట. పెట్టె తీశాను. ఇందులో ఎన్ని తమాషాలున్నాయో తెలుసా మీకు?"

తెలియకేం. ఆ పెట్టె కట్టి, విప్పి, కట్టి, ఇన్నేళ్ళలో అది ప్రయాణపు పెట్టె అన్న సంగతే ఇంట్లో మరిచిపోయారు. ఏది కనిపించకపోయినా 'పెట్టెలో చూడు' అనడం అలవాటైపోయింది. కోడలు ఒక్కోటీ తీసి చూపిస్తోంది. పిచ్చుక కూతురు పాకే రోజుల్లో కొన్న గౌను. ఆ పిల్ల ఇప్పుడు వాళ్ళ నాన్నకన్నా పొడుగట. అక్కడ దొరకవని చెల్లెలు అడిగిన హుక్కులు, నాడాలు, సూదులు. సూదులు తుప్పు పట్టాయి. అడుగున మామయ్యగారి పాత స్క్రూడ్రైవరు.

"ఇదీ అక్కడ దొరకదా అత్తయ్యా?"

"అది ఇక్కడే దొరకలేదు. మీ మామయ్య ఇల్లంతా వెతికి, దానికోసం నన్ను వారం రోజులు సాధించారు."

కోడలు కిలకిలా నవ్వింది. ఆ గౌను తన భుజానికి ఆనించుకుని చూసుకుంది. ముద్దొచ్చే గౌనే, గొంతు దగ్గర రెండు పసుపుపచ్చ బొత్తాలు. దుప్పటక్కకు ఆ బొత్తాలు ఏరుకున్న మధ్యాహ్నం గుర్తొచ్చి ఒక్క క్షణం ఒళ్ళు తేలికైంది. అంతలోనే మళ్ళీ బరువెక్కింది. కుర్చీలో కూలబడింది.

భర్త లోపలి గదిలోంచి నడుం పట్టీ సర్దుకుంటూ వచ్చాడు. రోజంతా ఎవరి లిఫ్టులోనో తలకిందులుగా వేలాడి వచ్చాడు కాబోలు, చెవి వెనక గ్రీజు మరక అలాగే ఉంది.

"ఏమంటావు?" అన్నాడు.

"మీరేమంటారు?"

"నువ్వు పద అంటే పద. వద్దంటే పడుకుందాం. నాకు రెండూ ఇష్టమే. పడుకోవడం కాస్త ఎక్కువ ఇష్టం."

"మామయ్యా, మీరు అలా అనకూడదు," అంది కోడలు.

"నేనెప్పుడూ ఇలాగే అన్నానమ్మా. ఓడే వినలేదు."

దుప్పటక్క కిటికీలోంచి చూసింది. టికెట్లాయన దుకాణం ముందు నీళ్ళు చల్లుతున్నాడు. అది అయ్యాక లోపల లైట్లు ఆపుతాడు, ఆ తర్వాత షట్టరు. ఎండ గోడల మీంచి జారిపోతోంది.

"ముందు దానికి చెప్పాలి," అంది ఫోను తీస్తూ. "ఈసారికి వద్దని చెప్పేస్తాను. పాపం, గది సర్దుకుంటుంది, రేవుకొచ్చి నిలబడుతుంది. చివరి నిమిషంలో మళ్ళీ ఏదో వచ్చిపడితే దానికి ఎంత శ్రమ."

కోడలు మొహం దీపం ఆర్పినట్టయింది. గౌను మళ్ళీ మడతల మీదే మడిచి పెట్టెలో పెట్టింది.

దీవిలో అప్పుడు పొద్దున్న. గంట మోగి మోగి, పిచ్చుక ఎత్తింది. దుప్పటక్క గొంతు సవరించుకుని తన వంతు మొదలుపెట్టింది.

"నేనే. ఓడ కదులుతోందట. టికెట్లాయన రేపటికి సీట్లు పట్టాడు. కానీ నా ఒంట్లో ఓపిక లేదు. మీ బావగారి నడుం కూడా అంతంతమాత్రంగా ఉంది. ఈసారికి మానేద్దామనుకుంటున్నాం. ఇంకోసారి ఓడ కదిలినప్పుడు చూద్దాం. నువ్వు ఏర్పాట్లేవీ పెట్టుకోకు. శ్రమ పడకు. అంతే."

ఆకాశం చుట్టి ఆ 'అంతే' వెళ్ళింది. ఫోనులో సముద్రమో గాలో తెలియని హోరు వినిపించింది. ఆ తర్వాత చెల్లెలి గొంతు వచ్చింది, ఇస్త్రీ చేసిన గుడ్డలా, ఒక్క ముడత లేకుండా.

"సరే అక్కా. నీ ఇష్టం. ఆరోగ్యం కన్నా ఏదీ ఎక్కువ కాదు. బావగారిని అడిగానని చెప్పు. కొత్త కోడలికి నా ఆశీస్సులు. అంతే."

అయిపోయింది. ఇక పెట్టేయడం అక్క వంతు. ఆమె పెట్టలేదు. పెట్టకూడదని కాదు. చెయ్యి దించడానికి కూడా ఓపిక లేక, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఇంత సులువుగా 'సరే' అందే, అనుకుంది. ఒక్క మాటైనా బతిమాలలేదే.

అవతల చెల్లెలు, ఎప్పటిలాగే, పెట్టలేదు. ఫోను బల్ల మీద పెట్టినట్టుంది, టక్కుమంది. కాళ్ళ చప్పుడు దూరంగా వెళ్ళింది. ఆ తర్వాత గదిలో ఎక్కడినుంచో ఒక గొంతు వినబడింది. దుప్పటక్క కళ్ళు తెరిచింది.

"ఇదిగో, వింటున్నారా? ఆ గది తలుపు మూసేయండి. రావట్లేదట మహారాణిగారు. ఓపిక లేదట."

మరిది ఏదో గొణిగాడు.

"ఏం ఫరవాలేదు? మీకేం, మీరు గాలివాన చూసుకుంటారు. ఓడ వచ్చినప్పుడల్లా రేవులో గంటలు గంటలు నిలబడేది నేను. ఎక్కలేదని తెలిసీ దిగుతుందేమో అని చూసేది నేను. దాని సంగతి నాకు తెలియదా? చిన్నప్పటి నుంచీ అంతే. తన హాయి తనది. రాత్రి దుప్పటంతా లాక్కుని, గుండ్రంగా చుట్టుకుని పడుకునేది. నేను చలికి కట్టెలా బిగుసుకుపోయేదాన్ని. ఆ నీలం అంచు దుప్పటి అమ్మ నాకని కొన్నది. నా పెళ్ళినాడు ఇచ్చిందా? ఇవ్వలేదు. అడిగితే నవ్వి ఊరుకుంది."

దుప్పటక్క కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది. నడుం సంగతి ఆమెకు గుర్తే లేదు.

"ఎవరే దుప్పటి లాక్కుంది?" అని ఒక్క అరుపు అరిచింది. భర్త ఉలిక్కిపడి పట్టీ వదిలేశాడు.

ఆ అరుపు ఇంకా ఆకాశంలో ఉంది. అవతల పిచ్చుకకు తెలియదు, వాగుతూనే ఉంది. "పెద్దది కదా అని ఊరుకున్నాను. పెద్దది కదా అని ఫోను కూడా దాన్నే పెట్టనిచ్చాను. పెద్దది, పెద్దది..." అప్పుడు అరుపు వెళ్ళి పడ్డట్టుంది. మాట ఠక్కున ఆగింది. కాళ్ళ చప్పుడు దగ్గరికొచ్చింది.

"అక్కా? నువ్వింకా పెట్టలేదా?"

"పెట్టలేదు. అంతా విన్నాను. లాక్కునేది నువ్వు. కాళ్ళతో తన్ని మరీ లాక్కునేదానివి. నా పిక్కల మీద ఇప్పటికీ..."

"అబద్ధం. నేను తన్నింది నువ్వు లాక్కున్నాక..."

"అమ్మ అది నాకు కొంది. నేను పెద్ద బడికి వెళ్ళిన ఏడాది..."

"...నీకు కొన్నది పచ్చ అంచుది. దాన్ని నువ్వే పాడుచేసి..."

"పచ్చ అంచు మీద సిరా ఒలకబోసింది ఎవరే?"

"...సిరా నువ్వే పోసి నా మీద పెట్టావు."

మాటకు మాట అడ్డం పడింది. ఒకరి మాట ఒకరి మీద ఎక్కింది. సగం మాటలు సముద్రం మీద గుద్దుకుని పడిపోయాయి. పోనీలే అని ఎవరూ ఆగలేదు. ఎవరూ 'అంతే' అనలేదు. భర్త నోరు తెరిచి చూస్తున్నాడు. కొత్త కోడలు మాత్రం ఒక నిమిషం అత్తగారి మొహం వంక చూసి, ఆ మొహంలో ఏం చూసిందో ఏమో, చెప్పులు కూడా తొడుక్కోకుండా తలుపు తీసుకుని మెట్ల మీద దడదడా దిగిపోయింది.

"ఇప్పుడెక్కడుందే అది?" అంటోంది పిచ్చుక. "ఏ చెత్తలో పారేశావు?"

"పారేయడమా? రోజూ కప్పుకుంటాను. ఎన్ని మాసికలు వేశానో తెలుసా. అసలు గుడ్డకన్నా మాసికలే ఎక్కువ."

మాట ప్రయాణంలో ఉందా, మనిషి ఆగిందా తెలియలేదు. ఆ తర్వాత చెల్లెలి గొంతు కాస్త తగ్గి వచ్చింది.

"నా దుప్పటి నాకు తెచ్చివ్వు."

"తేను."

"తేకపోతే రాకు."

"వస్తాను. వచ్చి నీ ఎదురుగా కూర్చుని అది ఎవరిదో తేలుస్తాను."

"రా. చూద్దాం."

"మరి వీలైతేనే రా, శ్రమ పడకు అన్నావేమే మొన్న? చుట్టాన్ని పిలిచినట్టు పిలిచావు."

"నీ గొంతు వింటే అలసట వినిపిస్తుంది. అలిసిపోయినదాన్ని పట్టుకుని గట్టిగా రమ్మని ఎలా అనను? నువ్వు కూడా శ్రమ పడకు, శ్రమ పడకు అంటావు ప్రతిసారీ. నీకే రావాలని లేదేమో అనుకున్నాను."

"గట్టిగానే అనాల్సింది," అంది దుప్పటక్క. "నీ మొహం," అని కలిపింది.

"నీ మొహం," అని ఆకాశం చుట్టి తిరిగొచ్చింది.

కిటికీ అవతల ఇనుము గీసుకున్న చప్పుడైంది. దుప్పటక్క ఫోనుతోనే లేచి చూసింది. టికెట్ల దుకాణం షట్టరు సగం దిగి ఆగిపోయి ఉంది. దాని కింద గడప మీద కొత్త కోడలు వట్టి కాళ్ళతో, రెండు చేతులూ మోకాళ్ళ చుట్టూ వేసుకుని, ఇంటి అరుగు మీద కూర్చున్నంత తీరిగ్గా కూర్చుని ఉంది. టికెట్లాయన చేతిలో తాళం పట్టుకుని ఆమెకు ఏదో చెప్తున్నాడు. ఆ పిల్ల ఆయన వంక చూడట్లేదు. మెడ ఎత్తి కిటికీ వంకే చూస్తోంది.

దుప్పటక్క తల ఊపింది. ఆ దూరానికి కనిపించదేమోనని మళ్ళీ, నడుం దాకా వంగి మరీ ఊపింది. కోడలు లేచి షట్టరు కిందనుంచి లోపలికి దూరింది. వెనకే టికెట్లాయన కూడా వంగి దూరాడు. లోపల లైటు మళ్ళీ వెలిగింది.

"అయింది," అంది దుప్పటక్క ఫోనులో. "రేపు బయల్దేరుతున్నాం."

"మళ్ళీ ఏదైనా అడ్డం పడితే?"

"పడితే దాన్ని దాటుకుని వస్తాను. పెట్టెయ్యనా?"

"పెట్టేయకు. కాసేపుండు."

కాసేపు ఇద్దరూ ఆ హోరు విన్నారు. ఆ తర్వాత అక్క తన వంతు ప్రకారం పెట్టేసింది.

భర్త పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. స్క్రూడ్రైవరు తీసి తుడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అయితే పడుకోవడం లేదన్నమాట," అన్నాడు.

"విమానంలో పడుకుందురుగాని. చెవి వెనక గ్రీజు తుడుచుకోండి ముందు."

కోడలు మెట్లెక్కి వచ్చింది. అరికాళ్ళు నల్లగా, బుగ్గలు ఇస్త్రీ వదిన బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. రెండు టికెట్లు అత్తగారి ఒళ్ళో పెట్టి, రొప్పుతూ, "ఆయన నన్ను మొండిఘటం అన్నారు అత్తయ్యా," అని గొప్పగా చెప్పుకుంది.

"సరిగ్గానే అన్నాడు. వెళ్ళి కాళ్ళు కడుక్కో."

దుప్పటక్క లోపలికెళ్ళి మంచం మీదినుంచి దుప్పటి తెచ్చింది. ఒకప్పుడు తెలుపు. ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. అంచున నీలం మాత్రం అక్కడక్కడా మొండిగా మిగిలి ఉంది. ఆమె ఒళ్ళంతా నొప్పులే, ఆవలింత కూడా వచ్చింది, అయినా నిలబడే ఉంది. ఒక కొస తను పట్టుకుని రెండో కొస కోడలి వైపు విసిరింది. ఆ పిల్లకు మడవడం రాదు. ఎదురుగా నడిచి రావాల్సింది పోయి అక్కడే నిలబడి లాగింది.

"లాగకు," అంది దుప్పటక్క. "నడిచి రా. ఆ... అంచు కలుపు."

మడత చేతికొచ్చాక దాన్ని చంకలో పెట్టుకుని ఇద్దరికీ చెప్పింది.

"రేపు పొద్దున్నే దీన్ని ఆసుపత్రికి పట్టుకెళ్తాను. మా పెద్ద యంత్రంలో మెల్లగా తిప్పి, ఇస్త్రీ వదిన చేత ఆవిరి పట్టిస్తాను. సూపర్వైజరమ్మకు ఓడ కదిలిందని చెప్పేసి వస్తాను. నేనొచ్చేలోగా ఆ తుప్పు సూదులు పారేసి, కొత్తవి కొని పెట్టెలో పెట్టండి. గౌను మాత్రం తియ్యొద్దు, ఆ బొత్తాలు పిచ్చుకకు చూపించాలి. దుప్పటి అన్నిటికన్నా పైన పెడతాను. సాయంత్రం విమానానికి బయల్దేరుతున్నాం. దుప్పటి ఇచ్చేస్తున్నానని మాత్రం ఎవరూ అనుకోకండి. చూపించి తెచ్చుకుంటాను."